ఆరో చెరువు పేజీ

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ప్రోగ్రాములు రాసేదాన్ని, భయపడాలంటే ముందు నేను రాసినవాటికే భయపడాలి. అయినా ఆ పొద్దున కొల్లేరు గట్టు మీద నిలబడితే నాకు ఒళ్లు జలదరించింది.

ఏలూరులో మా చిన్న ఆఫీసు చేపల చెరువుల కోసం ఒక వెబ్ యాప్ తయారు చేసింది. కాపలా మనిషి తెల్లారగానే ఒక్కో చెరువు దగ్గరికి వెళ్లి, నీటిలో ఆక్సిజన్ ఎంతుందో, నీటి వేడి ఎంతో ఆ చెరువు పేజీలో వెయ్యాలి. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లే దారులూ, వెనక్కి వచ్చే దారులూ రాసింది నేనే. ఆ కాపలావాళ్లలో ఒక పెద్దాయనకి చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. ఆయన కోసం మొదటి పేజీలో కూతురి ఫొటో పెట్టాను. దాన్ని నొక్కితే ఆమెకి ఫోన్ వెళ్తుంది. ఆయనకి తెలిసిన ఫోన్ చెయ్యడం అదొక్కటే.

ఒక చలికాలం పొద్దున ఆయన ఆరో చెరువు గట్టు మీద గుండెపోటుతో పడిపోయి చనిపోయాడు. ఆ పనిలోకి కూతురే వచ్చింది. నెల తిరక్కుండా నాకు ఫోన్ చేసింది.

"మేడమ్ గారూ, ఎప్పుడు తెరిచినా ఆరో చెరువేనండీ. వెనక్కి నొక్కినా అదేనండీ. పాస్టరు గారిచేత ఫోనుకి ప్రార్థన కూడా చేయించాను. ఓనరు గారు కొత్త ఫోను కొనిచ్చారు, దాంట్లోనూ అదేనండీ!"

"కొత్త ఫోనులోనా?"

"అవునండీ. నాన్న పోయే ముందురోజు ఆయనతో గొడవ పడ్డానండీ. ప్రాణం పోతున్నా నాకు ఫోన్ చెయ్యలేదు. రెండు చెరువుల అవతలే ఉన్నాను నేను. ఆ కోపం ఇంకా తీరలేదేమోనండీ."

కోపమట, నా మొహం! విసుక్కుంటూనే మర్నాడు తెల్లారేసరికి బండి తీశాను.

గట్టు చేరేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదుటి చెరువే కనపడలేదు. ఒక్క పక్షి కూడా అరవడం లేదు. ఆమె ఫోను నా చేతిలో పెట్టింది. ఆరో చెరువు పేజీ. ఆక్సిజన్ గడిలో నాలుగు. వేడి గడి ఖాళీ. వెనక్కి నొక్కాను. తెర తెల్లబడి, మళ్లీ ఆరో చెరువు, మళ్లీ నాలుగు. ఇంకోసారి నొక్కాను. అదే. ఎవరో నా భుజం మీదుగా తొంగి చూస్తున్నట్టనిపించి గిరుక్కున తిరిగాను. మేమిద్దరమే ఉన్నాం.

"ఈ నాలుగు ఎవరు వేశారండీ?"

"నాన్నేనండీ. ఆయన వేసిన ఆఖరి అంకె. ఆ పేజీని నేనెలా ముట్టుకుంటానండీ?"

అప్పుడు వెలిగింది. కాపలావాళ్లు సగం రాసి వదిలేస్తున్నారు, పూర్తి చేసేదాకా కదలనివ్వకండి అని ఓనరు గారంటే, తలూపి అలాగే రాసేశాను. గడి ఖాళీగా ఉన్నంతకాలం వెనక్కి వెళ్లే దారి ఆ పేజీకే తిరుగుతుంది. అది గుర్తుండేది మా సర్వర్‌లో, ఆ మనిషి పేరు మీద. ఆమె ఇంకా తండ్రి పేరుతోనే యాప్ తెరుస్తోంది. ఫోను మార్చి లాభం లేదు. దెయ్యం కాదు, నా తెలివితేటలు!

కాపలా పాకలో కూర్చుని లాప్‌టాప్‌లో ఆయన పోయిన పొద్దుటి వివరాలు తీశాను. ఆరో చెరువు, నాలుగు. తర్వాత వెనక్కి. మళ్లీ వెనక్కి. పదకొండు సార్లు, తొమ్మిది నిమిషాల్లో. "బాబాయ్ గారూ, ఎక్కడ తికమకపడినా వెనక్కి నొక్కండి, మొదటి పేజీకి వచ్చేస్తారు" అని నేర్పింది నేనే. ఆయన ఆ ఫొటో కోసం వెళ్తున్నాడు. పదకొండు సార్లూ నేను తిప్పి పంపాను.

లాప్‌టాప్ మూసేశాను.

"మీ నాన్నగారు మీకు ఫోన్ చెయ్యాలనే చూశారండీ. పదకొండు సార్లు ప్రయత్నించారు. వెళ్లలేదు."

ఆమె ఉన్నచోటే చతికిలబడింది. "పదకొండు సార్లా? అయితే నామీద కోపం లేదండీ!" ఏడుస్తూనే నవ్వింది. "సిగ్నల్ ఉండుండదులెండి. ఈ గట్ల మీద అంతేనండీ."

"అవునండీ," అన్నాను.

"మీరు చల్లగా ఉండాలండీ," అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది. నామీద నాకే అసహ్యం వేసింది. అయినా చేతులు విడిపించుకోలేదు.