నీళ్లకి పోని సిరా

ఇంట్లో ప్రింటర్‌కి డై సిరా మంచిదా, పిగ్మెంట్ సిరా మంచిదా అని ఎవరైనా తాపీగా మాట్లాడుకుంటుంటే నాకిప్పటికీ ఒళ్లు మండిపోతుంది. వాళ్లకది మెరుపు గురించో, ఖర్చు గురించో కబురు. నాకు మాత్రం అది మా చిన్నత్త నుదురు.

చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు. పెళ్లయిన కొత్తలోనే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. మా అమ్మ చెరకు పనుల్లో తలమునకలుగా ఉంటే నాకు తల దువ్వి, జడేసి, అన్నం పెట్టి పెంచింది ఆవిడే. నా పెళ్లయ్యాక అనకాపల్లిలో మేం కాపురం పెడితే నాతోనే వచ్చి ఉండిపోయింది.

ఆవిడ మొగుడి దినం నాకు బాగా గుర్తు. అంత చిన్నపిల్లనైన నన్ను అక్కడ ఉండనివ్వకూడదన్న ఇంగితం కూడా ఎవరికీ లేకపోయింది. గాజులు పగలగొట్టారు. ఆ తర్వాత మా పెద్దత్త, అంటే నాన్న అక్క, తడిగుడ్డ తెచ్చి చెల్లెలి బొట్టు తుడిచేసింది. పెద్దత్తకి అప్పటికే మొగుడు లేడు. ఆ పని అలాంటివాళ్లే చెయ్యాలట! ఎవరు పెట్టారో ఈ ఆచారం, వాళ్ల చేతులు పడిపోను. ముందు తుడిచినప్పుడు మరక పూర్తిగా పోలేదు. మళ్లీ గట్టిగా రుద్దింది. చిన్నత్త నుదురంతా కందిపోయింది.

రోజూ పొద్దున్న నేను అద్దం ముందు కుంకం పెట్టుకుంటుంటే చిన్నత్త వచ్చి పక్కన నిలబడేది. "వంకరగా ఉందే" అని వేలితో సరిచేసేది. ఆ వేలికి అంటిన కుంకాన్ని మాత్రం గబుక్కున చీర చెంగుకి తుడిచేసుకునేది, ఎవరో చూస్తున్నట్టు. ఆవిడ చెంగులన్నిటికీ అంచున ఎర్రటి మరకలుండేవి.

ఒకరోజు నవ్వుతూనే అంది. "నాను పోయేక నా ఫోటోకైనా ఎర్రగా ఒక బొట్టెట్టవే."

"ఏటా పాడు మాటలు? ఇప్పుడే పెడతాను రా" అని భరిణె తీశాను.

ఆవిడ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగిపోయింది. "ఓలమ్మా, ఒద్దే! నలుగురూ ఏటనుకుంటారు?"

ఆ నలుగురి మీద నాకు కోపం అప్పుడు మొదలైంది.

తర్వాత ఒక వానాకాలం జ్వరమని పడుకున్న మనిషి లేవలేదు. ఏడ్చినంతసేపు ఏడ్చి, బొట్టు మాట పట్టుకుని లేచాను. ఫోటో కావాలి. ఆవిడ ఏనాడూ కెమెరా ముందుకి రాలేదు. ఎవరిదో పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటోలో, వెనక వరసలో, బొటనవేలి గోరంత ముఖం దొరికింది. బ్లాక్ అండ్ వైట్ ఫోటో. మా ఆయన పరవాడలో మందుల కంపెనీలో పని చేసేవాడు. పిల్లల స్కూలు ప్రాజెక్టులకని అప్పటికే కంప్యూటర్, ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నాడు. స్టూడియోలో ఆ ఫోటోని స్కాన్ చేయించి, సీడీలో పెట్టించుకుని వచ్చాడు.

"బొట్టు కూడా కంప్యూటర్లోనే పెట్టేద్దాం. నీటుగా ఉంటుంది" అన్నాడు.

"ఆవిడ అడిగింది కంప్యూటర్ని కాదు, నన్ను" అన్నాను.

అద్దం కూడా వద్దన్నాను. అందరూ ఫోటోకి అద్దం బిగించి ఆ అద్దం మీద బొట్టు పెడతారు. దుమ్ము పట్టిందని గుడ్డ పెట్టి తుడిస్తే పోయింది! అది గాజుకి పెట్టిన బొట్టు, మనిషికి కాదు. ఒకసారి తుడిచింది చాలు. ఈసారి నేరుగా కాగితం మీద, ఆవిడ నుదుటి మీద తడి కుంకం పెడతానని కూర్చున్నాను.

తడి అంటే సిరా సంగతి చూసుకోవాలి కదా. నేనే షాపుకెళ్లి అడిగాను. "డై అయితే రంగులు అదిరిపోతాయి మేడం. పిగ్మెంట్ కొంచెం డల్లుగా ఉంటాది గానీ ఆరేక నీళ్లు పడినా చెదరదు" అన్నాడు షాపతను. పిగ్మెంట్ సరుకు సాయంత్రం వైజాగు నుంచి వస్తుందన్నాడు. కంపెనీ బస్సు దిగి వచ్చేటప్పుడు పట్టుకురమ్మని మా ఆయనకి ఒకటికి పదిసార్లు చెప్పాను. పిగ్మెంట్, పిగ్మెంట్ అని.

తెచ్చాడు, ప్రింటు తీశాడు. నేను మర్నాడు జరిగే చిన్నత్త దినం వంటలకి పప్పులు నానబోస్తున్నాను. వచ్చి చూస్తే కాగితం నిగనిగలాడుతోంది.

"అదేనా?" అని అడిగాను.

"ఆఁ, ఇంకే" అన్నాడు.

ఇంకు కాకపోతే పాలు పోస్తారా ప్రింటర్లో! అప్పుడా మాటలో మెలిక నాకు తట్టలేదు.

మర్నాడు ఉప్మాక దగ్గర ఊరి నుంచి పెద్దత్త వచ్చింది. మగవాళ్లు చెరువు దగ్గర కర్మ ముగించుకుని వచ్చారు. విస్తళ్లు వెయ్యబోతున్నారు. ముందు గదిలో పీట మీద ఫోటో పెట్టి, దండేసి, నేను భరిణె తీశాను.

"ఏటే అది? కుంకం ఎట్టకూడదు. ఇబూది ఎట్టు" అంది పెద్దత్త.

"కుంకమే పెడతాను. తనే అడిగింది."

"అడిగితే? ఆచారం ఉండక్కర్లేదేటి?"

వినిపించుకోలేదు. కుంకంలో నీటి చుక్క వేసి, ఉంగరం వేలితో మేదిపి, నుదుటి మీద గుండ్రంగా పెట్టాను. అబ్బ, ఎంత కళ వచ్చిందో! చిన్నత్తకి బొట్టు ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను. అంతలోనే బొట్టు చుట్టూ కాగితం చెమర్చింది. బూడిద రంగు నుదుటిలోంచి నీలం, గులాబి రంగులు విడిపోయి పాకాయి. కుంకం నీరు కనుబొమ మీంచి కంట్లోకి, కంట్లోంచి బుగ్గ మీదికి జారింది. ముఖం ముఖమంతా కారిపోయింది.

"ఓలమ్మో! సూసేరా?" పెద్దత్త గుండెల మీద చెయ్యి వేసుకుంది. "సిన్నదే ఒద్దంటంది. బొట్టు నిలవనీలేదు సూడండి!"

వచ్చిన ఆడవాళ్లంతా బుగ్గలు నొక్కుకున్నారు. పోయినా పద్ధతి తప్పలేదు మహాతల్లి అని ఒకావిడ చేతులెత్తి దండం కూడా పెట్టింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మా ఆయన వైపు తిరిగాను. "ఏ సిరా పోయించేరు?"

ఆయన చూపు తప్పించాడు. "డై... షాపులో అందరూ ఫోటోకైతే అదే బాగుంటాదన్నారు. నువ్వెన్నన్నా చివరికి అద్దం బిగిస్తాం కదా అనుకున్నాను."

"నేనేటి చెప్పేను? మీరేటి చేసేరు? నా మాటంటే ఈ ఇంట్లో లెక్కే లేదా?" అని నలుగురిలో కేకలేశాను. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, "వద్దన్నది చిన్నత్త కాదు, డై సిరా! అది నీళ్లలో పంచదార కరిగినట్టు కరిగిపోయే సిరా. కరగని సిరా వేరే ఉంది" అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

"సిరాకేటి తెలుసే? పోయినోళ్లకి తెలుసు" అంది పెద్దత్త.

బతికున్నన్నాళ్లూ ఆవిడ మనసులో ఏముందో ఒక్కరు అడగలేదు. ఇప్పుడు కాగితం తడిస్తే ఆవిడ మాట్లాడిందట, వీళ్లకి వినబడిందట! చెప్పులేసుకుని బయల్దేరాను. దినం రోజున ఇంటి ఆడది గడప దాటి బజారుకి పోతుందా అని వెనక నుంచి ఎవరో అన్నారు. అనుకోనీ.

షాపతను నన్ను చూడగానే, "రెండూ ఇంకే కదా మేడం" అని మొదలెట్టాడు. "నోర్ముయ్, పిగ్మెంట్ ఇయ్యి" అన్నాను. కొత్త కార్ట్రిడ్జిలు, మెరుపు లేని కాగితం పట్టుకుని ఇంటికొచ్చి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన బిగించాడు. ప్రింటర్ కుయ్యోమంటూ చాలాసేపు లోపల కడుక్కుంది. అన్నాలు చల్లారిపోతున్నాయని అవతల నుంచి సణుగుడు. "చల్లారనీ" అన్నాను. మొదటి కాగితం చారలు చారలుగా వచ్చింది. చింపేశాను. తర్వాతది సరిగ్గా వచ్చింది.

డల్లుగానే ఉంది. ఉండనీ. చిన్నత్త ఎప్పుడు మెరిసింది గనక? ఎవరు మెరవనిచ్చారు?

ఆరనిచ్చి, పీట మీద పెట్టి, మళ్లీ కుంకం తడిపి పెట్టాను. అందరూ బొట్టు వైపే చూస్తున్నారు, ఎప్పుడు కారుతుందా అని. కారలేదు. నుదురు చెక్కుచెదరలేదు. బొట్టు అక్కడే, గుండ్రంగా, ఎర్రగా ఆరింది.

నా కోపం మాత్రం ఆరలేదు. వంటింట్లోంచి తడిగుడ్డ తెచ్చి పెద్దత్త ఒళ్లో పడేశాను. "తుడువు. అప్పుడు తుడిచావుగా, ఇప్పుడూ తుడువు."

పెద్దత్త ఆ గుడ్డని ముట్టుకోలేదు. తల వంచుకుని కూర్చుంది. ఎవరో వచ్చి గుడ్డ తీసేశారు. విస్తళ్లు వేశారు.

సాయంత్రానికి చుట్టాలంతా వెళ్లిపోయారు. మా ఆయన పెద్దత్త కోసం ఆటో పిలవడానికి వెళ్లాడు. ఆవిడ ముందు గదిలో ఫోటో ఎదురుగా నిలబడి ఉంది. నేను వెళ్లేసరికి కాగితం అంచు వేలితో తడుముతోంది.

"ఈ సిరా నీళ్లకి పోదా?"

"పోదు" అన్నాను కటువుగానే.

నా వైపు చూడకుండా, "నాదీ ఒక ఫోటో తీయించి దాసుకోయే. ఈ సిరాతోనే తీయించు" అంది.

ఆ మాటకి నేను కరిగిపోయి ఉండాల్సింది. కరగలేదు. ఇంకా మండింది. చెల్లెలి బొట్టు తుడిచిన మనిషికి కూడా ఇదే కోరికా! ఇన్నేళ్లూ ఇద్దరూ ఒకరి ముందొకరు ఏమీ ఎరగనట్టు తిరిగారా! భరిణె చేతిలోకి తీసుకుని మూత తీశాను.

"ఫోటో దాకా ఎందుకు? ఇప్పుడే పెడతాను రా."

పెద్దత్త రెండు చేతులతో నుదురు కప్పేసుకుంది. గోడకి ఆనుకునేదాకా వెనక్కి జరిగింది.

"ఒద్దే... నలుగురూ ఏటనుకుంటారు?"

గదిలో మేమిద్దరమే ఉన్నాం.