గంగులప్ప చేయించిన పరిచయం

గంగులప్పకు కొత్తవాళ్లను పలకరించడం రాదు. పిల్లి ఏం చేస్తుందో అదే చేస్తాడు. మూడు మూరల దూరంలో ఆగి, పక్కకు తిరిగి కూర్చుని, ఎటో చూస్తాడు. ఎదుటిమనిషి తనవైపు చూసినప్పుడు మాత్రం రెండు కళ్లూ మెల్లగా మూసి, మెల్లగా తెరుస్తాడు. అదే నమస్కారం, అదే క్షేమసమాచారం. సోమల నుంచి మదనపల్లె దాకా ఈ సంగతి తెలియనివాడు ఎవడైనా ఉంటే, వాడు నిన్ననే బస్సు దిగి ఉండాలి.

"కొత్తోళ్ల మొగంలోకి గుడ్లు మిటకరించి సూస్తే కొట్లాటకు పిలిసినట్టప్పా," అనేవాడు. "పిల్లిని సూడు. ముందు వాసన. ఆనక ఓరసూపు. ఆనక కండ్లు మూస్తాది. నీ ముందర కండ్లు మూసినానంటే నిన్ను నమ్మినట్టు. మనం అట్ల గాదే. యా ఊరు, ఎవురోళ్లు, జీతమెంత, అన్నీ ఒక్క గుక్కలో కావల్ల."

ఈ శాస్త్రం వల్లనే ఆయనకు పెళ్లి కాలేదు. సోమలలో పెళ్లిచూపులకు పోయి, పిల్ల కాఫీ తెచ్చే సమయానికి గోడవైపు తిరిగి కళ్లు మూశాడు. పిల్ల తండ్రి కాసేపు ఓపిక పట్టి, "అబ్బాయికి సూపు తక్కువనా?" అన్నాడు.

"సూపు బాగానే ఉండాది మామా. పరిచయం సేసుకుంటాండాను."

"ఎన్నాళ్లు పడతాది?"

"తొందర పెట్టకుంటే పదైదు దినాలు."

పిల్లకు పదో రోజున చౌడేపల్లె సంబంధం కుదిరింది.

పుంగనూరు పాలకేంద్రంలో పాలు పరీక్షించడం ఆయన ఉద్యోగం. తనిఖీకి వచ్చిన కొత్త ఆఫీసరు ముందు కూడా కళ్లు మూస్తే, డ్యూటీలో నిద్ర అని మెమో చేతికొచ్చింది. గంగులప్ప బెదరలేదు. ఆరో రోజుకు ఆ ఆఫీసరే పక్కకు తిరిగి మెల్లగా కళ్లు మూశాడని ఇప్పటికీ చెబుతారు. నిజమే. కాకపోతే అది మధ్యాహ్నం భోజనం తరువాత.

ఇంట్లో ఆయనా, ఒక గండుపిల్లీ. బూడిదరంగు ఒళ్లు, మెడ కింద తెల్లమచ్చ. ఎవరెన్నిసార్లు పిలిచినా లేవదు కాబట్టి దాని పేరు తాసీల్దారు.

ఎనభై ఒకటిలో వీళ్ల ఎదురింట్లోకి వెంకటరత్నమ్మ కుప్పం నుంచి వచ్చి దిగింది. రైల్వేలో పనిచేసే మొగుడు పోయి ఏడాది. అన్న మునికృష్ణ ఇంట్లో తొమ్మిదిమందికి వండి, మిగిలింది తిని, చివరికి పుంగనూరు బాలవాడిలో ఆయా పని దొరికితే రేకు పెట్టెతో వచ్చేసింది. పిల్లిని గోనెసంచిలో కట్టి, పాత ఇంటి దారి మరిచిపోవాలని సంచిని మూడుసార్లు గిరగిరా తిప్పి మరీ తెచ్చింది. పిల్లికి దారి మరుపొచ్చిందో లేదో గాని, కళ్లు తిరిగి నేరుగా మంచం కింద దూరింది. దాని పేరు గౌరి.

మొదటి సాయంత్రమే పక్కింటి రామక్క వీధి ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. మొగుడెట్ల పోయాడు, పింఛను ఎంత, పిల్లలు యాల లేరు. వెంకటరత్నమ్మ నాలుగో ప్రశ్నకు తలుపు వేసేసింది. ఆ తరువాత ఎవరూ రాలేదు. సాయంత్రం బాలవాడి నుంచి వచ్చి దీపం పెట్టుకుంటే, పక్కింటి రేడియో తప్ప మనిషి గొంతు లేదు. మంచం మీద ఆమె, మంచం కింద గౌరి. ఒక్కదానికే అన్నం వండుకోవడం కూడా చేతకాలేదు. చెయ్యి అలవాటు కొద్దీ తొమ్మిదిమందికి బియ్యం పోస్తుండేది. వారం తిరక్కుండానే అన్నకు కార్డు రాసింది, ఆదివారం వచ్చి తీసుకుపొమ్మని. అక్కడ వంటింట్లో పడి ఉన్నా నలుగురు దగ్గిన చప్పుడైనా వినబడుతుంది.

కార్డు డబ్బాలో వేయడానికి పోతుంటే తన ఇంటి ముందు జగిలి అరుగు కొసన ఎవరో గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. ఒళ్లో పిల్లి. ఇద్దరూ ఒకేసారి కళ్లు మూశారు.

"ఏం కావల్లన్నా?"

"నాకేం వద్దమ్మా. మా తాసీల్దారు మీ పిల్లిని పరిచయం సేసుకునేకి వచ్చినాడు."

"మేము పోతాండాము. మా పిల్లికి ఈడ పట్టలేదు. మంచం కింద నుంచి రాదు."

గంగులప్ప నెమ్మదిగా తల ఊపాడు. "మనిషిని యాడికైనా తీసకపోవచ్చు. పిల్లిని నెలలో రెండుసార్లు ఊరు మారిస్తే ఒంటి వాసన పోతాది, తిండి మానేస్తాది. ముందు మావాడితో పరిచయం కానీ. ముక్కూ ముక్కూ తాకినంక సుఖంగా పోదువు."

ఆమె మొగుడు తన చేతులతో పెంచిన పిల్లి అది. కార్డు చింపి ఇంకోటి రాసింది, పిల్లికి పరిచయం కాగానే కబురు చేస్తానని.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం జగిలి మీద కచేరీ. గౌరి పడుకున్న గోనెసంచి తాసీల్దారుకు వాసన చూపించాడు. తాసీల్దారు పడుకున్న పాత తువ్వాలు గౌరికి పంపించాడు. గౌరి గడప దాకా వచ్చి బుస్సుమని లోపలికి పోయేది.

"కోపం గాదమ్మా. ఇంగో మూర ఎడం కావల్లంటాండాది," అని గంగులప్ప వెనక్కి జరిగేవాడు.

చూడటానికి రామక్క వేయించిన చెనిక్కాయలతో దిగింది. గంగులప్ప ఆమెను కూడా పక్కకు తిప్పి కూర్చోబెట్టాడు. "ఎవురూ ఏమీ అడగరాదు. పిల్లి బెదురుతాది." వారానికి జగిలి మీద ఆరుగురు గోడవైపు తిరిగి అరకళ్లతో కూర్చున్నారు. ఆ దారిన పోయేవాళ్లు ఇదేదో కొత్త మతమనుకున్నారు.

ఎవరూ ఏమీ అడగకపోతే ఎంతసేపని ఊరుకుంటుంది మనిషి? తొమ్మిదో రోజున వెంకటరత్నమ్మే నోరు విప్పింది. మొగుడు వానలో పట్టాలు చూడటానికి పోయి, చేతిలో లాంతరు, చంకలో పిల్లికూనతో తిరిగొచ్చిన సంగతి చెప్పింది. రామక్క ఏదో అడగబోయి, గంగులప్పను చూసి, నోట్లో చెనిక్కాయలు కుక్కుకుంది.

"ఇంగ ఎన్నాళ్లన్నా?"

"ఇరవై దినాలమ్మా."

ఇరవై నలభై అయింది, నలభై అరవై అయింది. మిగిలిన అన్నానికి రామక్క పులుసు తెచ్చేది. గౌరి లావెక్కింది. బాలవాడి ఉప్మా మహిమ అనుకుంది వెంకటరత్నమ్మ.

"ఈపొద్దు అర మూర ముందుకు జరగొచ్చు," అని గంగులప్ప ప్రకటించిన మరునాడు ఉదయం, గౌరి రేకు పెట్టె వెనక నాలుగు కూనలను పెట్టింది. మూడింటికి మెడ కింద తెల్లమచ్చ.

రామక్క వంగి చూసి, వేళ్లు లెక్కపెట్టింది. "పిల్లి సూలు రెండు నెలలు. అంటే నువ్వొచ్చిన వారమే. రాత్రిపూట ఎనక గోడ మీద రెండింటినీ నేనే సూస్తిని."

"తెలిసి సెప్పలేదా అక్కా?"

"వీధికంతా తెలుసు. గంగులప్పే నోరు మూసుకోమన్యాడు."

వెంకటరత్నమ్మ ఒక కూనను కొంగులో వేసుకుని నేరుగా ఎదురింటికి నడిచింది. "అర మూర జరగల్లంటివే అన్నా. ఇదేంది?"

గంగులప్ప కూనను చూశాడు, మచ్చ చూశాడు, తాసీల్దారును చూశాడు. తాసీల్దారు లేవలేదు.

"వాళ్లిద్దరికీ పరిచయం నువ్వొచ్చిన మూడో దినమే అయిపోయిందమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "నిజం సెప్పింటే నువ్వు ఆ ఆదివారమే బస్సెక్కేసుందువు. కుప్పానికి పోయి నువ్వు మంచం కింద దూరుకుంటావేమో అని..."

ఆమె కూనను ఆయన ఒళ్లో పెట్టి, బాలవాడికి ఆలస్యమవుతుందని వెళ్లిపోయింది.

కబురు రాక విసిగి మునికృష్ణ ఆ ఆదివారం తనే దిగాడు. వంటమనిషి కుదరలేదు మరి. "సర్దుకో అమ్మా. పిల్లి పరిచయాలు అయిపోయినాయని వీధిలో సెప్పిరి గదా."

వెంకటరత్నమ్మ అన్నకు చెంబుతో నీళ్లిచ్చింది. "మా గౌరిది అయింది గాని, కూనలు నాలుగు పుట్టినాయన్నా. ఇంగా కండ్లు తెరవలేదు."

"పది దినాల్లో తెరుస్తాయి."

"తెరుస్తాయి. ఆనక వీధంతా ఉండారు గదా, ఒక్కొక్కరితో పరిచయం కావల్ల." ఆమె వేళ్ల మీద లెక్క వేసి చూసింది. "తొందర పెట్టకుంటే ఒక పదైదేండ్లు."