చెల్లెలి ఎడమ కాలు

పద్దెనిమిదేళ్లుగా ఈ మాటను కడుపులో పెట్టుకుని తిరిగాను. నా భర్తకు చెప్పలేదు. అమ్మ పోయే ముందు చెప్పబోయి మానేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

డెబ్బైల మొదట్లో, తొర్రూరులో అత్తగారింట్లో, ఏడో నెలలోనే నాకు కాన్పయింది. బిడ్డ దక్కలేదు. వారానికి ఎడమ కాలు తొడదాకా ఉబ్బింది. వరంగల్ దవాఖానలో డాక్టరమ్మ, నరంలో రక్తం గడ్డకట్టిందన్నది. మా మేనత్త కూడా బాలింతగా ఉండగానే కాలు వాచి, ఊపిరాడక పోయిందనీ, ఇంట్లో అందరూ గాలి సోకిందనుకున్నారనీ చెప్పాను. అది గాలి కాదన్నది డాక్టరమ్మ. రక్తం గడ్డకట్టే గుణం కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే వస్తుందట. నీకు చెల్లెలుంటే కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పించు, మంచానికే పరిమితం చేయొద్దు, వాచిన కాలు అసలే రుద్దొద్దు, గడ్డ కదిలి ఊపిరికి అడ్డం పడుతుంది అన్నది.

పుట్టింట్లో ఆ కాలు సంగతే ఎత్తలేదు. బిడ్డ పోయిందని అందరూ జాలిపడుతుంటే, రక్తంలోనూ లోపముందని చెప్పుకోవడం చిన్నతనమనిపించింది. ఇది సగం నిజం. మిగతా సగం అసూయ.

ఏడాది తిరక్కుండానే చెల్లెలు కాన్పుకు హన్మకొండలో మా పుట్టింటికి వచ్చింది. సాయానికి నేనూ వెళ్లాను. నా బిడ్డకని నాన్న కొన్న ఊయలను అమ్మ అటక మీంచి దించి, గొలుసులు చింతపండుతో తోమి, చెల్లెలి బిడ్డకు కట్టింది. నన్ను ఒక్క మాట అడగలేదు. పాపను ఎత్తుకున్నప్పుడల్లా నాలో ఉన్నది ప్రేమా, కుళ్లా? రెండూ. కుళ్లే ఎక్కువ.

మా ఇళ్లల్లో బాలింత ఇరవై ఒక్క రోజులు మంచం దిగకూడదు. మంచినీళ్లు కూడా గుక్కెడే ఇస్తారు. తొమ్మిదో రోజు చెల్లెలి ఎడమ కాలు ఉబ్బింది. చూడగానే గుర్తుపట్టాను. అమ్మ నీరు పట్టిందనుకుని, నువ్వుల నూనె వేడిచేసి తెమ్మన్నది. తెచ్చాను.

"అక్కా, నీకు గూడ గిట్లనే ఉబ్బిందా?" అని అడిగింది చెల్లెలు.

"లేదే. నాకేం గాలె. జర ఓర్సుకో, తగ్గుతది."

నన్ను నమ్మి కాలు చాపింది. అమ్మ రుద్దుతుంటే నేను గిన్నె పట్టుకుని కూర్చున్నాను. ఒక్కరోజు ఇది కూడా నొప్పి పడనీ అనుకున్నాను. చావు కోరలేదు. కానీ మేనత్త ఎలా పోయిందో తెలిసీ, కోరలేదనడానికి నాకు నోరెలా వస్తోంది? మర్నాడు పొద్దున చెల్లెలు పాపకు పాలిస్తూ, ఊపిరాడక వెనక్కి వాలిపోయింది. రిక్షా వచ్చేలోపే అయిపోయింది. దిష్టి తగిలిందన్నారు.

పాపను నేనే పెంచాను, ఆ ఊయలలోనే. తల్లి ఫోటో చూపిస్తూనే, అమ్మా అని పిలిపించుకున్నాను. అక్క అంటే ఇలా ఉండాలని వాడకట్టంతా మెచ్చుకున్నది. కాదనలేదు.

ఇప్పుడు ఆ పిల్లకే కడుపు, ఐదో నెల. నిన్న దవాఖానలో కొత్త డాక్టరమ్మ, ఇంట్లో ఎవరికైనా కాన్పయ్యాక కాలు వాచిందా అని అడిగింది. చెల్లెలు అడిగిన ప్రశ్నే.

"నాకయింది. దీని తల్లికి గూడ అయింది. అప్పుడే నాకు ఎరుక, చెప్పలె," అన్నాను.

డాక్టరమ్మ రాసుకుంది. పిల్ల బస్సులో నా పక్కన కూర్చోలేదు. ఇవాళ కూడా మాట్లాడలేదు. ఇక మాట్లాడుతుందో లేదో తెలియదు. నాకు మాత్రం ఇన్నేళ్లకు ఊపిరి ఆడుతోంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

కానీ దాని కాలు ఎవరూ రుద్దరు.