కొసరుగా వచ్చిన మూడో దిమ్మె

ఆ రోజుల్లో మా ఇందుకూరుపేట మండలంలో, ఎస్టిమేటులో లేని సిమెంటు దిమ్మెను కేవలం నోటి బలంతో ప్రభుత్వం పనిలోంచి రాబట్టిన మొనగాడు ఎవరయ్యా అంటే, నేనే. ఈ మాట ఇప్పటికీ ఛాతీ విరుచుకునే చెప్తాను. ఆ దిమ్మె వల్ల ఏమైందన్నది తర్వాత సంగతి, ఘనత ఘనతే కదా! మాది తరతరాలుగా అంగళ్ళ వంశం. నాయనది చిల్లర అంగడి, మేనమామది ఎరువుల కొట్టు, పెద్దమ్మది గాజుల కొట్టు. మా ఇళ్ళల్లో పిల్లలకు అక్షరాభ్యాసం కన్నా ముందే కొసరు అడగడం నేర్పుతారు. బేరం తెగాక, తూకం అయ్యాక, డబ్బులు చేతులు మారాక కూడా సంచి మూతి మూయకుండా అలాగే పట్టుకుని నిలబడాలి. ఎదుటివాడికే సిగ్గేసి ఇంకో గుప్పెడు వేస్తాడు. కొసరు లేకుండా ఇంటికొస్తే మా నాయన సరుకు వంక చూడడు, నా మొహం వంక చూస్తాడు. "ఏందిరా, ఒట్టి చేతుల్తో వచ్చినావే" అంటాడు, కందిపప్పు మూట నా భుజం మీద ఉండగానే.

కావలిలో డిగ్రీ ముగించి, ఉద్యోగం వచ్చేదాకా అని చెప్పి అంగట్లో కూర్చున్న కాలమది (ఇంకా అక్కడే కూర్చున్నాను, అది వేరే కథ). మా ఊరి నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద అప్పటికే రొయ్యల మేత లారీలు, ఐసు బండ్లు, ఆదివారమైతే మైపాడు షికారు కార్లు. సైకిలు తొక్కేవాడు మాత్రం రోడ్డుకేదో బాకీ పడ్డవాడిలా అంచులు పట్టుకుని పోవాలి. రోడ్డు పన్ను మేమే కడుతున్నామని కారువాళ్ళు హారను మోగించి మరీ చెప్తారు. హైస్కూలు ఆడపిల్లలకు సర్కారు సైకిళ్ళిచ్చింది, తొక్కడానికి జాగా ఇవ్వలేదు. ఇది చెప్పులిచ్చి కాళ్ళు కట్టేసినట్టు కాదా అని నేను అంగడి బల్ల గుద్ది అడిగేవాణ్ణి. బల్ల మీది బెల్లం అచ్చు ఎగిరేది తప్ప జవాబు చెప్పేవాళ్ళు లేరు.

అందరికన్నా ఎక్కువ బాధ చేపలక్కది. పల్లెపాళెం నుంచి రోజూ పొద్దున్నే మగవాళ్ళ సైకిలు మీద, వెనకాల చెరోపక్క ఐసు నింపిన చేపల పెట్టె కట్టుకుని వచ్చేది. ఎండెక్కేలోపల ఊళ్ళో అమ్ముకోకపోతే ఆ పూట సంపాదన కుళ్ళిపోయినట్టే. "అబ్బయా, లారీ వచ్చినప్పుడల్లా తుమ్మకంపలోకి దిగతా ఉండాను. ఈ చేపలు సముద్రంలో పట్టినావా, తుమ్మచెట్టుకు కోసినావా అని అడగతా ఉండారు జనం" అనేది. నవ్వేవాళ్ళం. ఒకరోజు మోచేయి చీరుకుపోయి వచ్చింది. ఆరోజు నవ్వలేదు.

కుర్రవాళ్ళమంతా కలిసి కాలువ కట్ట మీద సైకిలు దారి వేయమని అర్జీల మీద అర్జీలు పెట్టాం. ఏ దేవుడి కళ్ళు తెరుచుకున్నాయో గాని మంజూరైంది. పల్లెపాళెం నుంచి హైస్కూలు దాకా సిమెంటు దారి, స్కూలు దగ్గర సైకిళ్ళకు రేకుల షెడ్డు, అందులో గాలిపంపు. ఆటోలు, ట్రాక్టర్లు దూరకుండా ఊరి చివర దారికి అటొకటి ఇటొకటి నడుమెత్తు దిమ్మెలు. పని పట్టిన కంట్రాక్టరు ఏమడిగినా "సరేలే" అనేవాడు గనుక మేమాయనకు సరేలే అన్న అని పేరు పెట్టుకున్నాం. దారి పొడవు, వెడల్పు, సిమెంటు పాలు అన్నీ మా అంగట్లో, నాయన ఎదుటే మాట్లాడుకున్నాక ఆయన లేచి చెప్పులు తొడుక్కుంటున్నాడు. నేను లేవలేదు. సంచి మూతి తెరిచి పట్టుకున్నట్టు అలాగే చూస్తూ కూర్చున్నాను.

"ఏంది తమ్ముడూ, ఇంకా ఏందన్నా ఉండాదా?"

"అంతా బాగుందన్నా. కొసరే మర్చిపోయినావు."

సరేలే అన్న నోరు తెరిచాడు. "రోడ్డుకు కొసరేందబ్బా!"

"రెండు దిమ్మెలు పెడతా ఉండావు గదా. మోటారు సైకిళ్ళు కూడా దూరకుండా నడిమధ్యన ఇంకోటి పెట్టు. నీ సిమెంటులో అదెంత? చారులో ఉప్పంత."

ఆయన నన్నూ, మా నాయననూ, అంగడినీ ఒకసారి చూసి "సరేలే" అన్నాడు. ఆ రాత్రి మా నాయన నాకు పెరుగులో మీగడ వేయించాడు.

దారి తయారైంది. అద్దంలా ఉంది. మొదటివారం దాని మీద సైకిలు తప్ప అన్నీ కనిపించాయి. మా రైతులకు నున్నటి సిమెంటు కనిపిస్తే చాలు, దాని మీద వడ్లు ఆరబోయకపోతే నిద్రపట్టదు. ఒకాయన వడ్లు పోశాడు, ఒకామె మిరపకాయలు పోసింది, ఇంకెవరో వల పరిచారు. అడిగితే "పిల్లోళ్ళు పక్కనించి తొక్కుకోని పోతార్లేబ్బా" అన్నారు. పక్కన కాలువ ఉంది మహాప్రభో! మోటారు సైకిళ్ళ వాళ్ళయితే నా మూడో దిమ్మెను చూసి ఒక్క క్షణం ఆగి, హ్యాండిలు కాస్త వంచి, సుబ్బరంగా దూరిపోయారు. ఎవరికోసం పెట్టించానో వాళ్ళెవరూ ఆగలేదు. ఆగింది చేపలక్క ఒక్కతే. పెట్టెలు రెండూ దిమ్మెలకు తట్టుకుని సైకిలు ముందుకూ పోదు, వెనక్కూ రాదు. పెట్టెలు దించితే మళ్ళీ ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. రెండు రోజులు చూసి ఆమె మళ్ళీ లారీల రోడ్డే పట్టింది.

మూడోరోజు మా అమ్మ నెత్తళ్ళు కొని, అలవాటుగా గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. చేపలక్క పెట్టె మూత ఠపీమని వేసింది. "నీ కొడుకు నాకిచ్చిన కొసరు దారికి అడ్డంగా నాటుకోని ఉండాదమ్మా. అది తీసినాక రా, అప్పుడిస్తా నా కొసరు."

అమ్మ నా వైపు చూసిన చూపు గురించి రాయను. నాకు రోషం వచ్చింది. తప్పు నాదని ఒప్పుకుంటే మా వంశం ఏమైపోను? "దిమ్మెలో ఏం లేదక్కా, తొక్కడంలో ఉంది. వాటం తెలిస్తే ఏనుగైనా పోతుంది" అన్నాను.

"అట్నా? అయితే నువ్వు తొక్కి చూపీ సామీ. పెట్టెలు నిండుగానే ఉండాయి."

ఊరు ఊరంతా కట్ట మీదికి వచ్చింది. నేను పంచె ఎగగట్టి, చేపలక్క సైకిలెక్కి, కాస్త దూరం నుంచి వేగం అందుకున్నాను (వేగంగా వస్తే సందు వెడల్పవుతుందని ఎందుకనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు). పెట్టెలు దిమ్మెల దగ్గరే ఆగిపోయాయి. సైకిలు సగం ఆగింది. నేను మాత్రం అస్సలు ఆగలేదు. నేనూ, నా వెనకే తాడు తెగిన ఒక పెట్టె చేపలూ, ఐసూ వెళ్ళి ఎవరో ఆరబోసిన వడ్ల మీద పడ్డాం.

"ఒరే! నా వడ్లన్నీ నీచు కంపు కొడతాయి గదరా!" అని రైతు పరుగెత్తుకొచ్చాడు.

"సైకిలు దారి మీద వడ్లెవడు పోయమన్నాడు?" అని పడుకునే అరిచాను. నోట్లోంచి వడ్లగింజలు ఊశాను. న్యాయం నా వైపే ఉంది, కాకపోతే నా జుట్టులో కూడా నెత్తళ్ళున్నాయి.

చేపలక్క నవ్వలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని "వాటం తెలిసిందా అబ్బయా?" అని మాత్రం అడిగింది. తర్వాత వంగి సైకిలు చక్రం తిప్పి చూసుకుంది. చువ్వలు వంగిపోయాయి. అది లేకపోతే ఆమెకు రేపు లేదు. అప్పుడు పోయింది నా రోషం.

ఆ సాయంత్రమే సరేలే అన్న దగ్గరికి పోయి దిమ్మె తీసేయమన్నాను. ఆయన తాపీగా తాంబూలం నములుతూ అడిగాడు: "తమ్ముడూ, కొసరుగా ఇచ్చింది వాపసు తీసుకునే ఆచారం మీ అంగట్లో ఉండాదా?"

మా అంగట్లో ఆ ఆచారం లేదు మరి! మండలాఫీసుకు పోతే ఇంకా అన్యాయం. పెట్టడానికి కాగితం అక్కర్లేని దిమ్మెను తీయడానికి కాగితం కావాలన్నారు. లేని దిమ్మెను ఎలా తీస్తామని ఒకరు, ఉన్న దిమ్మెను తీస్తే ప్రభుత్వ ఆస్తి పాడుచేసినట్టని ఇంకొకరు. ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద కూర్చుని! చివరికి మళ్ళీ సరేలే అన్న గడపే తొక్కి, జీవితంలో మొదటిసారి తక్కువ ఇమ్మని బేరం చేశాను. దిమ్మె కొట్టేస్తాను, బదులుగా షెడ్డులో గాలిపంపు అడగొద్దన్నాడు. ఎస్టిమేటులో ఉన్నదాన్ని ఎగ్గొట్టడానికి, లేనిదాన్ని తీయడానికి లంకె! ఒళ్ళు మండిపోయింది. "సరేలే" అన్నాను. ఈసారి ఆ మాట నాదైంది.

దిమ్మె కొట్టేశారు, పూర్తిగా కాదు. రెండు వేళ్ళ ఎత్తు మొదలు మిగిల్చారు. అది పెకలించడం వేరే పని అట. పెట్టెలు దానికి తగలకుండా పైనుంచి పోతాయి గాని, అటూ ఇటూ ఎంత తప్పించినా సైకిలు చక్రం మాత్రం దాని అంచు ఎక్కి దిగుతుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా పొద్దున్నే కట్ట మీది నుంచి 'దడ్' మని ఒక చప్పుడు, వెంటనే నా పేరుతో ఒక తిట్టు వినిపిస్తాయి. చేపలక్క క్షేమంగా వచ్చిందని మా ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. వడ్లు ఇప్పటికీ ఆరబోస్తున్నారు, నేను ఇప్పటికీ బల్ల గుద్దుతున్నాను. నిన్న నేనే నెత్తళ్ళు కొని, డబ్బులిచ్చి, గిన్నె చటుక్కున మూసేశాను. ఆమె మూత లాగి ఇంకో గుప్పెడు వేసింది. "తీసుకోబ్బయా, ఈ కొసరు ఎవురికీ అడ్డం రాదులే."

ఇక అసలు లెక్క, దాపరికం లేకుండా. పోయినవి: ఒక పెట్టె నెత్తళ్ళు, ఐసుతో సహా; చేపలక్కకు కొత్త చక్రం; నీచు వాసన పట్టిన వడ్లకు రైతు చెప్పిన ధర (బేరం ఆడలేదు); సర్కారు గాలిపంపు; దాని బదులు మా అంగడి ముందు నేను కొని పెట్టిన పంపు, స్కూలు పిల్లలు "అన్నా, గాలి" అని ఊరికే కొట్టుకుపోయేది. వచ్చినవి: కట్ట మీద ఒక దారి, రోజూ ఒక తిట్టు, గుప్పెడు నెత్తళ్ళు. ఎలా కూడినా నష్టమే. సంచి మూతి మాత్రం మూసేశాను.