లాంతరు తగ్గించాక వినిపించిన గొంతు

ఈ పొద్దున దెందులూరు దగ్గర మంచు కమ్మేస్తే కారు పక్కకి ఆపుకుని కూర్చున్నాను. అద్దాల బయటంతా తెలుపే. ఎక్కడిదో గానీ కిరసనాయిలు వాసన వచ్చినట్టయింది.

కొల్లేటికోటలో మన చర్చి తెల్లవారుజాము ప్రార్థనలు మీకు గుర్తున్నాయా అండీ? ఆ ఈతచాపలు, చలికి ముసుగేసుకున్న అమ్మలు? మనసులోని భారాలు చెప్పుకునే వేళకి పాస్టరమ్మగారు లాంతరు వత్తి బాగా తగ్గించేసేవారు, ఎవరి మొహం ఎవరికీ కనబడకూడదని.

ఒకరోజు ఆ చీకట్లో ఒక గొంతు లేచింది.

"గట్టు మీదకెళితే చాలు, చెరువు నన్ను రమ్మంటోందండీ. నాకోసం ప్రార్థన చెయ్యండి."

అంత సన్నటి గొంతు నేనెప్పుడూ వినలేదు. అది నా పక్కనుంచే వచ్చింది. నా పక్కన అమ్మ తప్ప ఎవరూ లేరు.

అందరూ ఏడుస్తూ ప్రార్థించారు. వత్తి పెంచాక చూస్తే అమ్మ మామూలుగా చాప చుట్టుకుంటోంది. ఎవరూ ఏమీ అడగలేదు.

మర్నాటినుంచి అమ్మ నీళ్ళకని బిందె ఎత్తేసరికి గుమ్మంలో ఎవరో ఒకరు ఖాళీ బిందెతో నిలబడి ఉండేవారు.

"పదండి వదినగారూ, నేనూ చెరువుకే" అనేవారు మరియమ్మత్తయ్య.

ఆవిడ వాకిట్లోనే బోరింగు ఉండేది.