ఎనభై నాలుగు పూతలు

ఒక వీధిబడిలో అటెండరు ఆయన. అసలు ఉద్యోగం గంట కొట్టడం, గదులు ఊడ్వడం, కుండల్లో నీళ్ళు నింపడం. పేరు మాత్రం సున్నం మావయ్య అని పడింది. ఏటా వేసవి సెలవుల్లో ఆ వీధిబడికి ఒక పూత సున్నం వేసేవాడు. వేయమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. అంతకుముందు ఆ పని వాళ్ళమ్మ చేసేది. ఆమెకన్నా ముందు ఎవరు చేశారో ఆమెకే తెలియదు. గోడ మీద మేకుతో గీతలు గీసిన పిల్లల్ని ఆయన ఊరికే వదిలేవాడు కాదు. అలా తిట్లు తిన్నవాళ్ళలో ఇద్దరు డాక్టర్లయ్యారు, ఒకామె అదే బడికి పెద్ద టీచరుగా తిరిగొచ్చింది.

ఆవిడ హయాంలోనే బడిని కూల్చేస్తారన్న మాట బయల్దేరింది. స్థలం వేరే పనికి కావాలట. పిల్లలు పెద్దరోడ్డు దాటి అవతలి బడికి పోవాలట. ఆ రోడ్డు దాటాలంటే పెద్దవాళ్ళే దేవుణ్ణి తలుచుకుంటారు. ఒక్కటే దారి మిగిలింది. బడి కట్టి డెబ్బై అయిదేళ్ళు దాటాయని తేలితే కూల్చరు, కాపాడతారు. వయసు చెప్పే కాగితాలను చెదలు ఎప్పుడో చదివేశాయి.

"మావయ్యా, వచ్చే వారం ఆఫీసరు బడి చూడ్డానికి వస్తున్నాడు. బడి ఉండేదీ పోయేదీ ఆయన చేతిలోనే ఉంది," అని చెప్పి పెద్ద టీచరు పాత కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడానికి వెళ్ళిపోయింది. ఆఫీసరు ఏం చూస్తాడో చెప్పాలని ఆమెకు తోచలేదు, అడగాలని ఈయనకూ తోచలేదు.

ఆఫీసరు వస్తున్నాడంటే ఏం చేయాలో ఆయనకు ముప్ఫై నాలుగేళ్ళుగా తెలుసు. భార్యను వెంటబెట్టుకుని వారం రోజులు ఒళ్ళు వంచాడు. పగుళ్ళు పూడ్చాడు. అరిగి గుంటపడ్డ గడపను సిమెంటుతో సరిచేశాడు. తలుపులకు ఆకుపచ్చ రంగు వేశాడు. ఆ ఏటి సున్నంలో నీలిమందు రవ్వంత ఎక్కువే కలిపాడు. వారం తిరిగేసరికి బడి నిన్నో మొన్నో కట్టినట్టు తయారైంది.

ఆఫీసరు వచ్చాడు. ఆయన వెనకే గేటు దాటిన పెద్ద టీచరు గోడల వంక చూసి, దగ్గర్లో ఉన్న బల్ల మీద కూలబడిపోయింది. ఆఫీసరు నాలుగు గదులూ తిరిగి, శుభ్రంగా ఉంచారని మెచ్చుకున్నాడు. తర్వాత పుస్తకం తీసి, పైకి చదువుతూ రాసుకున్నాడు: "పాత కట్టడమనడానికి ఆనవాళ్ళు లేవు."

"పాతదై ఉండాలా?" అన్నాడు సున్నం మావయ్య.

"పాతదై ఉండాలి మావయ్యా," అంది పెద్ద టీచరు. ఆమె గొంతులో కోపం కూడా లేదు. కోపపడి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

మేలు చేయబోతే కీడు ఎదురవడమంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. చేజేతులా బడి నోట్లో మట్టికొట్టాడు. వెళ్ళి తాపీ తెచ్చి, జీవితంలో మొదటిసారి ఆ గోడను గట్టిగా పొడిచాడు. బొటనవేలంత మందాన పెచ్చు ఊడి చేతిలో పడింది.

"లెక్కపెట్టండయ్యా. ఏడాదికి ఒక్క పూత. పై ముప్ఫై నాలుగూ మావి."

ఆఫీసరు భూతద్దం తీశాడు. పెచ్చు అంచున పూతలు వరసగా కనిపించాయి.

"పన్నెండోది ఇలా గరుకుగా ఉందేం?"

"ఆ ఏడు నా చెయ్యి విరిగిందండి. మా ఆవిడ వేసింది."

"ఎలా వేస్తేనేం, ఊడకుండా ఉంది కదా," అంది భార్య తలుపు దగ్గర్నుంచి.

"మీ ముప్ఫై నాలుగింటి కింద సన్నగా ఉన్నవి?"

"ఆ ఇరవై తొమ్మిదీ మా అమ్మవి. సున్నం గుడ్డలో వడగట్టి వేసేది. నాకంత ఓపిక లేదు."

వాటి కింద ఇంకో ఇరవై ఒకటి ఉన్నాయి. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. ఆఫీసరు రెండుసార్లు లెక్కపెట్టాడు. రెండుసార్లూ ఎనభై నాలుగే వచ్చాయి. పుస్తకంలో ముందు రాసిన వాక్యం కొట్టేసి, పెచ్చును కాగితంలో చుట్టి తీసుకుపోయాడు.

మూడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. బడి ఉంటుంది. పెద్ద టీచరు దాన్ని గబగబా చదివి వినిపించింది. నాలుగో అంశం దగ్గర మాత్రం నెమ్మదించింది. ఇకమీదట ఈ గోడలకు ఎవరూ సున్నం గానీ రంగు గానీ వేయరాదు.

"మంచిదేనమ్మా," అన్నాడాయన. అన్నాడు గానీ, ఇంటికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. బడి దక్కినందుకు సంతోషంగానే ఉంది. చేతిలో పని పోయినందుకు ఏడుపొచ్చింది.

తర్వాత ఆ నాలుగో అంశమే రాసిన బోర్డు ఒకటి వచ్చింది. బడి ముందు కర్ర పాతి దాన్ని బిగించడం అటెండరు పని గనక ఆయనే బిగించాడు.

వేసవి సెలవులొచ్చాయి. అలవాటు కొద్దీ సున్నం నానబెట్టాడు. రెండు రోజులు ఆ బకెట్ చుట్టూ తిరిగాడు. మనింటికి వేసుకుందామంది భార్య. వేసినా ఇంకా మిగిలింది. మూడో రోజు పొద్దున్నే కుంచె, బకెట్ పట్టుకుని బడికి వెళ్ళి, బోర్డు ముందు నిలబడి దాన్ని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. అందులో కర్ర ఊసు లేదు.

కర్రకు పైనుంచి కిందిదాకా శ్రద్ధగా ఒక పూత వేశాడు. పెద్ద టీచరు గేటు దగ్గర ఆగి చూసింది.

"ఎనభై అయిదమ్మా," అన్నాడు సున్నం మావయ్య.