సేటుతో దస్కత్ పెట్టించిన ఇస్తీఫా

ఆ రోజు మా ఆయన అన్నం ముద్ద నోట్లో పెట్టుకొని దగ్గాడు. కంచంలో నెత్తురు పడింది. "పండ్లల్ల నుంచి వచ్చిందిలే" అన్నాడు. పళ్ల నుంచి వచ్చే నెత్తురుకు నురగ ఉండదని నాకు తెలియదా? అప్పటికే కొంతకాలంగా పొద్దుగూకేసరికి ఒళ్లు కాలిపోయేది. దవాఖానకు పోదామని పట్టుబట్టాను.

ఆయన భువనగిరిలో ఒక సేటు మగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. ఎవరి దారం తెగినా, పడుగులో అటూ ఇటూ ఉరికే నాడె ఎవరిది మొరాయించినా ఈయనే పోవాలి. నాడెకున్న చిన్న కంతకు పెదవులు ఆనించి గట్టిగా పీలిస్తే లోపలి దారం కొస బయటికొస్తుంది. నేసేవాళ్లంతా అట్లాగే చేసేవాళ్లు. ఒకరు పీల్చిన నాడెను మరొకరు తుడవను కూడా తుడవరు.

హైదరాబాద్ దవాఖానలో ఎక్స్‌రే తీశారు, స్ప్యూటమ్ అని కళ్లె చూశారు. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి, "కుడి లంగ్‌లో కేవిటీ, అంటే బొక్క పడింది. టీబీ" అన్నాడు. ఏం పని చేస్తావని అడిగాడు. మా ఆయన గొప్పగా పెదవులు సున్నా చుట్టి నాడె ఎలా పీలుస్తాడో చూపించాడు. డాక్టరు ముఖం ఎర్రబడింది.

"నువ్వు చావడమే గాక కార్ఖానాలో అందరికీ అంటిస్తున్నావు. ఆ పని ఇవాళే మానెయ్. బెడ్ ఇస్తాను, వచ్చి చేరు."

ఊరికే మానేస్తే కుదరదు. నూలు గది తాళాలు ఈయన దగ్గర ఉండేవి. పాత మేస్త్రీ చెప్పకుండా పోతే, నూలు ఎత్తుకుపోయాడని కేసు పెట్టి ఠాణాలో ఎముకలు విరగ్గొట్టించాడు సేటు. అందుకే పని మానేస్తున్నానని ఇస్తీఫా రాయాలి. ఒప్పుకున్నానని దాని మీద సేటు సంతకం, దస్కత్ ఉండాలి.

రాశాడు మహానుభావుడు! "అయ్యగారి ఉప్పు తిన్నవాణ్ని. ఒంట్లో జర నలతగా ఉన్నది. తమకు ఇష్టమైతే పని వదులుకుంటాను. కబురు పెడితే మళ్లీ వస్తాను." అది ఇస్తీఫానా, దండకమా?

"రోగం పేరేదయ్యా?" అన్నాను.

"పేరు రాస్తే నిన్ను బాయికాడికి గూడ రానియ్యరే" అన్నాడు.

సేటు చదివి నవ్వాడట. "నాకిష్టం లేదుర. పెండ్లిళ్ల గిరాకీ అయినంక సూద్దాం" అని కాగితం చింపి ముఖాన కొట్టాడట. ఈయన తల వంచుకొని పోయి మళ్లీ నాడెలు పీల్చాడు. నాలుగు రోజులు తిరక్కుండానే గిన్నెడు నెత్తురు కక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నేను చెప్త, నువ్వు రాయి" అన్నాను. రాయించాను. "నాకు క్షయ ఉన్నది. నేను పీల్చిన నాడెను పీల్చినవారికి అంటుతుంది. ఈ రోజే నా ఆఖరి రోజు. నూలు తూచి తాళాలు అప్పగిస్తున్నాను." అంతే. అయ్యగారూ లేదు, ఉప్పూ లేదు.

మరునాడు నేనూ వెంట పోయాను. నూలు తూచి పెట్టాక మగ్గాల నడుమ నిలబడి ఆ కాగితం కూడబలుక్కుంటూ గట్టిగా చదివాను. మగ్గాలు ఆగిపోయాయి. పక్క మగ్గం రాజయ్య లేచి, "క్షయనా వదినా? దగ్గే అని చెప్పిండు గద మాకు!" అన్నాడు.

సేటు ఉరికొచ్చాడు. "నా కార్ఖానా బందు పెట్టిస్తవా?" అని మా ఆయన జుట్టు పట్టి తల స్తంభానికేసి కొట్టాడు. కింద పడ్డవాణ్ని రొమ్ము మీద తన్నాడు. నెత్తురు పోయి తెల్లటి పడుగంతా తడిసింది. నా చేతికి తూకపు గుండు దొరికింది. ఎత్తి సేటు ఎడమ మోచేతి మీద వేశాను. ఎముక పటుక్కుమన్నది.

"కుడిచెయ్యి నీ దస్కత్‌కని ఇడిసిపెట్టిన. పెడ్తవా, అది గూడ ఇరగ్గొట్టాల్నా?"

పెట్టాడు. ఆడదాని చేతిలో దెబ్బ తిన్నానని ఠాణాలో చెప్పుకోలేక, మెట్ల మీద జారిపడ్డానని ఊరంతా చెప్పుకున్నాడు. నాకు ఈనాటికీ అయ్యో అనిపించలేదు.

దవాఖానలో స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు. ఆ మందుకు చెవుల్లో హోరు, తల తిరుగుడు. "నన్ను సావనియ్యే" అని గేటు దాకా పోతే రెక్క పట్టి లాక్కొచ్చాను. డాక్టరు, "కొంచెం నయమైందని మందు ఆపావో, ఈసారి మందు కూడా పనిచెయ్యదు" అని కసిరాడు. చాలాకాలానికి కళ్లెలో క్రిమి లేదని, స్ప్యూటమ్ నెగెటివ్ అని వచ్చింది.

ఇప్పుడు ఇంట్లోనే నేస్తున్నాడు. ఒక చెవి సరిగా వినబడదు. దారాన్ని సన్నటి తీగ కొక్కెంతో లాగుతాడు. మేము తిరిగొచ్చేసరికి రాజయ్య లేడు. నెత్తురు కక్కే పోయాడు. వాళ్ల ఇంటికి పోతే, సేటు చింపిన కాగితం సంగతి విన్న రాజయ్య భార్య, "గా మాట మొదటి కాయితంలనే రాస్తే ఏం పోయేదక్కా?" అని అడిగింది. మా ఆయన అక్కడే కూలబడి ఏడ్చాడు.

అంటురోగంతో పని మానేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఇస్తీఫాలో మొదటి మాటగా రోగం పేరు రాయండి. యజమాని చేతికి ఇవ్వకముందే పక్కన కూర్చున్నవాడికి చదివి వినిపించండి.